వదులు ముడి

కుర్చీలు ఈడుస్తున్నారు. ఈడ్చకండర్రా, ఎత్తి పెట్టండి, ఆ గచ్చు వాడు మోకాళ్ళ మీద కూర్చుని తన చేత్తో నున్నగా మెత్తుకున్న గచ్చు, అని అరవాలనిపించింది ఆమెకి. అరవలేదు. నోరు తెరిస్తే ఏ మాట ముందు బయటపడుతుందో ఆమెకే నమ్మకం లేదు. అంటుకట్టే గదిలో, బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని, ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టుకుని, అందులో ఉన్న, అంట్లకి చుట్టే ప్లాస్టిక్ పట్టీ చుట్టని బొటనవేలితో నొక్కుతోంది. నొక్కితే లోపలికి పోతుంది, వదిలితే మళ్ళీ ఉబ్బుతుంది. పైన కప్పు మీద గాజు మేస్త్రీ పాత లప్పం గీకుతున్నాడు, సభ మొదలయ్యేలోపు దిగిపోతానన్నాడు, దిగడు. సగం కప్పుకి అద్దాలు లేవు. లేనిచోట కట్టిన ప్లాస్టిక్ గుడ్డ గాలికి ఎగిరెగిరి పడుతోంది. ఫట్ మన్నప్పుడల్లా ఆమె భుజాలు వాటంతటవే చెవుల దాకా లేస్తున్నాయి. ఇంకో గంటకి సభ. చచ్చిపోయిన తమ్ముడి గురించి ఊరంతా చేరి మంచి మాటలు చెప్పుకునే సభ. గేటు మీద గ్రీన్‌హౌస్ అని రాసుందిగానీ ఊళ్ళో ఎవరూ అలా అనరు, ఇది అద్దాల తోట, వాడు అద్దాలాయన. ఆమెకి మాత్రం వాడు ఎప్పుడూ ఒరేయ్. ఇప్పుడు ఒరేయ్ అంటే పలకడానికి ఎవడూ లేడు, అందుకే ఆ మాట రోజుకి పదిసార్లు నోటిదాకా వచ్చి మళ్ళీ లోపలికి పోయి కడుపులో కూర్చుంటోంది.

బల్ల మీద, కత్తుల పక్కన, బడి పంతులుగారు చేయించుకొచ్చిన బోర్డు ఉంది. మంచి చెక్క, నున్నగా రంధా పట్టించి, తెల్ల రంగుతో రాయించాడు: "మొక్కలు జాగ్రత్త." దాని కింద చిన్న అక్షరాల్లో, అద్దాలాయన ఆఖరి మాట. ఆఖరి మాటట! ఎవడు విన్నాడు? ఆ రోజు ఈ పంతులు ఎక్కడున్నాడు? వడగళ్ళకి భయపడి వాళ్ళింటి మంచం కింద దూరి ఉంటాడు. అంతా అయిపోయాక వచ్చి, నెత్తుటి మడుగు చూసి, కళ్ళజోడు తుడుచుకుని, "ఆఖరి క్షణంలో కూడా మొక్కలు జాగ్రత్త అనే అనుంటాడమ్మా" అన్నాడు. ఆమె పలకలేదు. పలకకపోవడమే తప్పయింది. ఆ సాయంత్రానికి బేకరీ దగ్గర "అన్నాట్ట" అయింది, మర్నాటికి "అన్నాడు" అయింది, ఇప్పుడు బోర్డెక్కింది. పదవీ విరమణ అయినా పంతుళ్ళకి ఎవడో ఒకడి నోట్లో ఏదో ఒక మాట పెట్టి చెప్పించందే నిద్రపట్టదు కాబోలు. ఆ బోర్డు అంచు పట్టుకుని ఆయన బట్టతల మీద ఒక్కటి వేస్తే ఎలా ఉంటుందో ఆమె నిదానంగా ఊహించింది. చెక్క చీలుతుందా, తల చీలుతుందా. ఆ ఊహ తీపిగా ఉంది. ఇలాంటివి ఈమధ్య చాలా వస్తున్నాయి, టీ ఇవ్వడానికి వచ్చినవాళ్ళ మొహాన ఆ టీయే కొట్టడం, ఓదార్చడానికి చెయ్యి పట్టుకున్నవాళ్ళ వేళ్ళు వెనక్కి విరిచెయ్యడం, "మొక్కల మధ్యే పోయాడు, అదృష్టవంతుడు" అన్నవాళ్ళని జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చి ఇదిగో ఇక్కడే, చూడండర్రా అదృష్టం ఎలా ఉంటుందో, గచ్చు పగుళ్ళలో నెత్తురు ఇంకా నల్లగా కనబడుతోంది, నాకి చూడండి అని మొహం రుద్దెయ్యడం. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. కళ్ళు మాత్రమేనా, చావు కూడా చారెడంత చక్కగా తయారుచేసి పెడతారు.

పంతులు మాట పోతే పోనీ. మరదలు ఉందే, వాడి పెళ్ళాం. నోట్లో నాలుక లేని మనిషి, ముందు గదిలో కౌంటరు దగ్గర కూర్చుని విత్తనాల పొట్లాలు కట్టుకునే మనిషి, ఆ రోజు పక్కూరు వెళ్ళింది. దారిలో చెట్లు కూలి, బస్సు ఆగిపోయి, తడిసి ముద్దయి ఇంటికొచ్చేసరికి అన్నీ అయిపోయాయి. అప్పట్నించీ రోజూ ఒక్కటే ప్రశ్న. గిన్నె తోముతూ, దుప్పటి మడుస్తూ, ఏమీ లేనట్టే మొదలెట్టి, "వదినా, ఆఖరికి ఏమన్నారు? ఏదో ఒకటి అనే ఉంటారు కదా. నన్నడిగారా?" ఆమె లేచి పెరట్లోకి పోతుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. మాట దొరక్క మరదలు కూడా మెల్లగా పంతులు మాటనే పట్టుకుంది, నిన్న రాత్రి ఆ బోర్డుని ఒళ్ళో పెట్టుకుని అక్షరాలని వేలితో తడుముతోంది, పసిపిల్లని తడిమినట్టు. పొద్దున్నే, "ఇది నిజమే కదా వదినా? మీరొక్కసారి అవునంటే చాలు. సభలో మీరే గుమ్మానికి కట్టండి, నేను పట్టుకుంటాను" అంది. అవునంటే చాలట. ఒక్క అవునుతో మరదలికి ఈ జన్మకి సరిపడా నిద్ర దొరుకుతుంది. కాదంటే, కాదని ఊరుకోవడానికి లేదు కదా, మరేమన్నాడని అడుగుతుంది. అడిగితే చెప్పాలి.

టక్. టక్. మేస్త్రీ. లప్పం పెళ్ళలు అంటుగది గడప దాకా దొర్లుతున్నాయి. బయట ఎవరో ఆడమనిషి, "చీమకి కూడా హాని చెయ్యని మనిషండీ" అంటోంది, గొంతు బేకరీ ఆవిడది. ఆమెకి నవ్వొచ్చింది. చీమలకా? చీమలకి వాడు మరుగుతున్న నీళ్ళు పోసేవాడు. పేనుబంకని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, ఆకు వెంబడి జారుస్తూ, పచ్చటి రసం కారేలా నలిపేవాడు, ఆ వేళ్ళతోనే తర్వాత టీ గ్లాసు పట్టుకునేవాడు. నత్తల్ని ఉప్పునీళ్ళ బకెట్లో వేసి, అవి బుడగలు కక్కుతుంటే పైన మూతపెట్టి, మూత మీద కూర్చుని ఫోనులో బేకరీ ఆవిడకే గులాబీల గురించి చెప్పేవాడు. నారు పలచన చేసేటప్పుడు చూడాలి వాడిని, పది మొలిస్తే ఎనిమిది పీకి పారెయ్యడమే, బక్కదాన్ని, పొట్టిదాన్ని, పక్కదాని మీద వాలినదాన్ని, ఒక్క క్షణం ఆలోచించకుండా. పెరగడమంటే చంపడమేనే అక్కా, దేన్ని చంపాలో తెలిస్తే చాలు, అనేవాడు. బతికిన నారుకైనా సుఖమా? రోజూ పొద్దున్నే చీపురుకర్ర తీసుకుని బల్లల వెంబడి నడుస్తూ నారు తలల మీద ఆ కొస నించి ఈ కొస దాకా దెబ్బలు వేసుకుంటూ పోయేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి అయ్యో అనేవాళ్ళు. అద్దాల కింద గాలి తగలదండీ, గాలి లేకపోతే కాడ గట్టిపడదు, దెబ్బ తినని నారు బయటికెళ్ళి మొదటి గాలికే పడుకుంటుంది, అని నవ్వేవాడు. నిజమే. అద్దాల తోటలో కొన్న నారు చావదని ఊరంతా ఒప్పుకున్న మాట. ఆ నవ్వుకే ఊరంతా పడిపోయింది. నవ్వు వెనక ఉన్న కర్ర ఎవరికీ గుర్తులేదు.

వాళ్ళిద్దరి మధ్యా కూడా తక్కువ జరగలేదు. ఒకసారి ఆమె నారుకి నీళ్ళెక్కువ పోసిందని వాడు కుండీ ఎత్తి గోడకేసి కొట్టాడు, ఆమె చేతిలో బొరిగె ఉంది, విసిరింది, నుదుటికి తగిలి చర్మం చీలింది. మచ్చ పోలేదు. ఎవరడిగినా ఒక్కోసారి ఒక్కో కథ చెప్పేవాడు, ముళ్ళ మొక్క గుచ్చుకుందనీ, చిన్నప్పుడు మేక కుమ్మిందనీ. ఒకసారి ఆమె ఎదురుగానే మేక కథ చెప్పి, "ఆ మేక ఇంకా బతికే ఉందండీ, మా ఇంట్లోనే మేస్తోంది" అన్నాడు. మొగుడు పోయి ఆమె ఈ గుమ్మంలోకొచ్చి నిలబడ్డ రోజున మాత్రం ఒక్క మాట అడగలేదు. కత్తి చేతికిచ్చి, అంటు కట్టడం నేర్చుకో అక్కా, చేతులు ఖాళీగా ఉంటే మనిషికి పిచ్చెక్కుతుంది అన్నాడు. తమ్ముడంటే తమ్ముడా వాడు? అమ్మ పోయినప్పుడు వాడికి సరిగ్గా మాటలు కూడా రావు, ఆమే ఎత్తుకుంది, ఆమే కొట్టింది, ఆమే తినిపించింది. బడికి పంపేటప్పుడు బూట్ల తాళ్ళు ఆమే కట్టేది. ఎంత బిగించి కట్టేదంటే సాయంత్రానికి వాడి పాదాలు ఉబ్బి ఎర్రగా కమిలిపోయేవి, బళ్ళో ఎవరూ ఆ ముడి విప్పలేక ఒకసారి కత్తెరతో కోశారు. ఊడిపోతే వాడు పడతాడు, పడితే దెబ్బ తగులుతుంది, అంతే తెలుసు ఆమెకి. నీ ముడి విప్పాలంటే కత్తి కావాలే, అని పెద్దయ్యాక కూడా ఏడిపించేవాడు.

ఆ ముడిని వాడే విప్పాడు. ఒక రోజులో కాదు, ఏళ్ళ తరబడి. ఈ గదిలోనే, ఈ బల్ల దగ్గరే. కింది మొక్కకి గాటు పెట్టు, పైకొమ్మని చీలికలా చెక్కు, దూర్చు, పచ్చ పచ్చని తాకాలి, ఇప్పుడు పట్టీ చుట్టు. ఆమె చుట్టేది. వాడు చూసేవాడు. కత్తి పిడితో ఆమె వేళ్ళ కణుపుల మీద టక్కున కొట్టేవాడు. "అది ఖైదీ కాదే అక్కా, గట్టిగా కట్టకు. ఊపిరాడదు దానికి." మళ్ళీ చుట్టేది. మళ్ళీ టక్. "వదులుగా. అది లావెక్కుతుంది, పట్టీ సాగాలి, రసం పారాలి. నువ్వు బిగిస్తే గాయం మానదు, కుళ్ళుతుంది." కణుపులు వాచేవి. ఏడుపొచ్చేది, తిట్టేది, కత్తి విసిరికొట్టి వెళ్ళిపోయేది, మర్నాడు మళ్ళీ వచ్చి కూర్చునేది. ఆమె కట్టిన మొదటి అంట్లన్నీ మెడ దగ్గర నల్లబడి చచ్చాయి, వాటిని వరసగా పెట్టి చూపించాడు దుర్మార్గుడు, చూడు ఎన్నింటిని ఉరితీశావో అని. ఎప్పుడు మారాయో తెలియదుగానీ చేతులు మారాయి. ఒక చుట్టు, సగానికి సగం కప్పుతూ రెండో చుట్టు, మూడో చుట్టు, ముడి వెయ్యకుండా కొసని మడత కిందకి దోపడం. ఇప్పుడామె చీకట్లో కట్టగలదు, మాట్లాడుతూ కట్టగలదు, నిద్రలో కూడా వేళ్ళు దుప్పటి అంచు మీద అలాగే తిరుగుతాయని మరదలు చెప్పేది. ముడి వెయ్యడం మరిచిపోయిన చేతులు. తన ఏప్రన్ తాడు కూడా వదులుగానే కట్టుకుంటుంది, రోజుకి నాలుగుసార్లు జారిపోతుంది.

ఫట్. ప్లాస్టిక్ గుడ్డ. భుజాలు లేచాయి. ఆ రోజు ఆకాశం వంకాయ రంగులోకి తిరిగింది, గాలి ఆగిపోయింది, ఆకు కదల్లేదు. వాడు అటు చివరికి పరిగెత్తాడు, ఆమె ఇటు చివరికి. ఎప్పుడు గాలివాన వచ్చినా వాళ్ళ పని అదే, కప్పుకి ఉన్న గాలి తలుపులు మూసెయ్యాలి, లేకపోతే గాలి కిందనించి దూరి కప్పుని మూతలా లేపుతుంది. చెరో పిడి పట్టుకుని తిప్పడం మొదలెట్టారు. మొదటి రాయి పడింది. ఒక్కటే. తర్వాత రెండు. తర్వాత లెక్క లేదు, ఆకాశంలో ఎవడో బండెడు కంకర ఒంపేశాడు. అద్దం పగలడం ఆమె చాలాసార్లు విన్నదేగానీ కప్పంతా ఒక్కసారి పగలడం వేరు, అది చప్పుడు కాదు, చెవుల్లో మేకు దిగ్గొట్టడం. పలకలు నిలువునా జారుతున్నాయి, బల్లల మీద పడి ఎగురుతున్నాయి, నారు తెగుతోంది, కుండీలు పేలుతున్నాయి, ఐసూ గాజూ ఏది ఏదో తెలియడం లేదు, అన్నీ తెల్లగా మెరుస్తూ కోస్తున్నాయి. ఆమె బల్ల కిందకి దూరింది. వాడు పిడి వదల్లేదు. దాక్కోరా, దాక్కోరా ఒరేయ్ అని అరిచింది, ఆమె గొంతు ఆమెకే వినబడలేదు. తలెత్తి చూసేసరికి ఒక పలక, నిలువెత్తు పలక, చట్రంలోంచి నెమ్మదిగా, సొరుగు లాగినట్టు జారి, నిటారుగా కిందకొచ్చింది. వాడి తల మీద పడలేదు. భుజం మీద పడలేదు. తొడ మొదట్లో దిగింది. వాడు కూర్చున్నాడు. కుర్చీ ఉందనుకుని కూర్చున్నట్టు కూర్చున్నాడు.

మోకాళ్ళ మీద పాకింది గాజు మీద. మోకాళ్ళ చర్మం ఇప్పటికీ గీసుకుపోయే ఉంది, ఉండనీ. నెత్తురు కారడం లేదు, కొట్టుకుంటూ వస్తోంది, ఆగి, వచ్చి, ఆగి, వచ్చి. వాడు దాన్ని రెండు చేతులా నొక్కుతున్నాడు, వేళ్ళ సందుల్లోంచి వస్తూనే ఉంది. "కట్టు" అన్నాడు. జేబులో చెయ్యి పెట్టింది. ఈ చుట్టే. పట్టీ లాగింది, తొడ చుట్టూ తిప్పింది, ఒక చుట్టు, సగానికి సగం కప్పుతూ రెండో చుట్టు, మూడో చుట్టు, కొసని మడత కిందకి దోపింది. ఎంత శుభ్రంగా కట్టిందో! మడత మీద మడత, ఎక్కడా ముడత లేకుండా. వాడు చూశాడు. ఆ తెల్లబడిపోతున్న మొహంలో కళ్ళు పెద్దవయ్యాయి. "గట్టిగా కట్టక్కా" అన్నాడు. లాగింది. పట్టీ సాగింది. సాగడానికే కదా దాన్ని చేసింది. ఇంకో చుట్టు వేసింది, అదీ సాగింది, చేతులు బిగించమంటే బిగించవు, కణుపుల మీద కత్తి పిడి పడుతుందేమోనని ఎదురుచూస్తున్నట్టు అక్కడే ఆగిపోతున్నాయి. "గట్టిగా, గట్టిగా కట్టవే, నీయమ్మ, గట్టిగా" అని ఆమె జుట్టు గుప్పెట పట్టుకుని లాగాడు. జీవితంలో మొదటిసారి ఆ తిట్టు. మనిద్దరికీ అమ్మ ఒకతే కదరా అని ఆ క్షణంలో కూడా అనుకుంది, ఏం మనసో ఇది, ఏ పంది మనసో. నడుముకి నూలు తాడు ఉంది. ఏప్రన్ తాడు, లావుపాటిది, ఎద్దుని కట్టినా తెగదు. కళ్ళ ముందే వేలాడుతోంది. తోచలేదు. ముప్పయ్యేళ్ళుగా గాయం కనబడితే పట్టీ తియ్యడమే తెలిసిన చేతులకి తాడు తోచలేదు. జుట్టు మీద పిడికిలి వదులైంది. అంతే. అంబులెన్సు బండి వాళ్ళు కూలిన చెట్లు నరుక్కుంటూ వచ్చేసరికి వడగళ్ళు కరిగిపోయాయి. పెద్ద నరం తెగిందమ్మా, ఎలా కట్టినా కష్టమే అన్నాడు బండి మనిషి, ఆ పట్టీ కట్టు వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆ చూపు తిప్పుకోవడం ఆమె మరిచిపోలేదు. ఊళ్ళోవాళ్ళు వచ్చేలోపు ఆ పట్టీ మొత్తం విప్పేసింది, మిగిలిన చుట్టని జేబులో వేసుకుంది.

కుర్చీలు ఆగాయి. జనం నిండినట్టున్నారు, దగ్గులు, గుసగుసలు, చెప్పుల కింద ఇంకా చిక్కుకున్న గాజు నలుగుతున్న చప్పుడు. పంతులుగారు గొంతు సవరించుకుంటున్నాడు. గడప దగ్గర మరదలు. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి నున్నగా అయింది. "రండి వదినా. అందరూ మీకోసమే చూస్తున్నారు." అని లోపలికొచ్చి, బోర్డుని రెండు చేతులా ఎత్తుకుని గుండెకి ఆనించుకుంది. ఆమె లేచింది. కాళ్ళు నడుస్తున్నాయి కాబట్టి నడిచింది. మనుషుల మధ్యనించి, ఖాళీ బల్లల మధ్యనించి, అటూ ఇటూ చూడకుండా. ఎవరో చెయ్యి తాకారు. ఎవరో "పాపం తల్లిలా పెంచింది" అన్నారు. తల్లిలా. ఏ తల్లీ ఇంత శుభ్రంగా కట్టదు.

గుమ్మం పక్కన ఇనప స్తంభం, దానికి ఆనుకుని పగలకుండా మిగిలిన పెద్ద అద్దం. మరదలు బోర్డుని స్తంభానికి ఆనించి పట్టుకుంది. పంతులుగారు ఇనప తీగ అందించాడు. ఆమె తీగని బోర్డు కన్నాల్లోంచి దూర్చి స్తంభం చుట్టూ తిప్పింది, ఒక చుట్టు, రెండో చుట్టు, మూడో చుట్టు, కొసని మడత కిందకి దోపింది. మరదలు చేతులు తీసింది. బోర్డు జారి ఒక పక్కకి ఒరిగింది. ఎవరో చిన్నగా నవ్వారు, చెడ్డ నవ్వేం కాదు. పంతులుగారు ముందుకొంగి ఎంతో ప్రేమగా, "కొంచెం గట్టిగా కట్టండమ్మా" అన్నాడు.

తర్వాత జరిగిందానికి ఆమె మనసు లేదు, చేతులే ఉన్నాయి. మేస్త్రీ సుత్తి నిచ్చెన మెట్టు మీద ఉంది, అది చేతిలోకి వచ్చింది. బోర్డు మీద పడింది. "మొక్కలు" విరిగింది. రెండో దెబ్బకి "జాగ్రత్త" విరిగింది, మూడోదానికి వెనకున్న అద్దం నిలువునా పగిలి మోచెయ్యి దాకా ఆమె చేతి మీదుగా జారింది. జనం కుర్చీలు తన్నుకుంటూ వెనక్కి లేచారు. పంతులుగారు "అమ్మా, అమ్మా" అంటున్నాడు. ఆమె నాలుగోసారి ఎత్తింది, సుత్తి పిడి నెత్తుటికి జారి కింద పడింది. మణికట్టు పైన పొడుగ్గా తెగింది. మరదలు ఒక్కతే వెనక్కి వెళ్ళలేదు.

"అది వాడన్న మాట కాదు" అంది ఆమె. రెండు వారాల తర్వాత తన గొంతు తనకే కొత్తగా, కీచుగా వినబడింది.

"మరేమన్నారు?" మరదలు అడిగింది. మెల్లగానే అడిగింది.

"గట్టిగా కట్టమన్నాడు."

మరదలికి అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది. అర్థమవడం ఆమె కళ్ళారా చూసింది. మరదలి చూపు తెగిన చేతి మీదనించి ఏప్రన్ జేబుకి వెళ్ళింది, జేబులో గుండ్రంగా ఉబ్బిన చుట్ట దగ్గర ఆగింది. వదులుగా, వదులుగా అని ఆ గదిలోంచి మొగుడు అరిచే అరుపులు ఎన్నేళ్ళు కౌంటరు దగ్గర కూర్చుని విన్నదో ఆవిడ. "కట్టలేదా?"

"కట్టాను. అంటు కట్టినట్టు కట్టాను."

చెంప పగిలింది. నోట్లో నాలుక లేని మనిషి చేతిలో అంత బలం ఎక్కడ దాగుందో, ఆమె తల పక్కనున్న స్తంభానికి కొట్టుకుంది, చెవిలో గంట మోగింది. ఎవరో ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. ఆమె కళ్ళు మూసుకుని రెండోది పడుతుందని నిలబడింది. పడాలి. పడితే బాగుండు. ఈ రెండు వారాల్లో ఆమెకి న్యాయంగా దక్కింది ఈ ఒక్క దెబ్బే, మిగతా అందరూ తలే నిమిరారు.

రెండోది పడలేదు. నడుము దగ్గర సర్రున ఏదో జారింది. కళ్ళు తెరిచింది. మరదలు ఏప్రన్ తాడు పట్టుకుని లాగేసింది. అంటు కట్టడం ఏనాడూ నేర్చుకోని మనిషి, చేతికి ముందు తగిలింది తాడే. ఆమె చెయ్యిని గుంజి తన మోకాలికి అదిమిపెట్టి, తెగినచోటుకి పైన తాడు రెండు చుట్లు తిప్పి, ఒక కొస పళ్ళతో పట్టుకుని, ఇంకో కొస పిడికిలికి చుట్టుకుని లాగింది. ఎముక కలుక్కుమంది. వేళ్ళు తెల్లబడ్డాయి. నెత్తురు ఆగింది. మరదలు భోరున ఏడుస్తోంది, ఏడుస్తూనే ముడి మీద ముడి వేస్తోంది, కత్తి తప్ప ఇంకేదీ విప్పలేని ముడి.

"గట్టిగా ఉందా వదినా?" అంది పళ్ళ మధ్యనించి, కోపంగా.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇంకా" అంది.

మరదలు ఇంకో మెలి తిప్పింది.